కంచె మొదట్లో గుంట

నూకాలమ్మ పెరట్లో ఒక గంప బోర్లించి, పైన బండరాయి పెట్టి ఉంది. గంప కింద ఒక పెట్ట, దాని ఆరు పిల్లలు. పెట్టకు బంగారు రంగు ఈకలు, అందుకే దాన్ని అబ్రాసు అనేవారు. పక్కింటి కోళ్లను ఏదో ఎత్తుకుపోయిందని తెలిసినప్పటి నుంచి నూకాలమ్మ గంప ఎత్తితే ఒట్టు. ఆవిడ తప్పు కాదు. భయం ఉన్నవాళ్లకు గంపే తోస్తుంది.

"అమ్మా, చెదపురుగు ఎలా ఉంటుంది?" అని అడిగింది అన్నిటికన్నా చిన్నపిల్ల.

"మెత్తగా ఉంటుందే. నోట్లో వేసుకున్నాక కూడా కదులుతుంది."

"మరి దుమ్ము?"

ఎండకు కాగిన దుమ్ములో పక్కకు ఒరిగి, ఈకల మొదళ్లదాకా మట్టి చల్లుకుని కళ్లు మూసుకునే సుఖం పుట్టాక మట్టే తొక్కని పిల్లకు అబ్రాసు ఏమని చెబుతుంది? గంప సందుల్లోంచి పెంటకుప్ప మీది ఎండను చూస్తూ కూర్చుంది. దానికి ఏడుపొచ్చింది. కోళ్లు ఏడవవంటారు. గంప కింద కూర్చోనివాళ్లు అనే మాట అది.

సాయంత్రం పొలం నుంచి ముసలి ఎద్దు మైలడు వచ్చాడు.

"తాతా, ఈ గంప ఒక్క తోపు తొయ్యవూ?"

"తోయడం ఎంతసేపమ్మా? తోశాక నీ పిల్లల్ని కాసేదెవరు?"

"అయితే చావిడి వెనక ఇనుప జాలీ చుట్ట పడి ఉంది కదా. దాంతో చిన్న దొడ్డి కట్టిపెట్టు. నా పిల్లలు ఒక్కసారి మట్టి తొక్కాలి."

"చూద్దాంలే" అన్నాడు మైలడు. ఎద్దు చూద్దాంలే అందంటే పని సగం అయినట్టే.

ఈ మాటలు పెరటి చివర పొదలో ఒకడు విన్నాడు. గుంటనక్క. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మర్నాడు మైలడు పొలానికి వెళ్లగానే గంప దగ్గర చేరాడు.

"చెల్లెమ్మా, నీ గోడు విన్నాను. కడుపు తరుక్కుపోయిందనుకో."

"దూరంగా ఉండు! పక్కింటి కోళ్లు..."

"అది బావురుపిల్లి పని! నన్నంటే కళ్లు పోతాయి. నాలుగూళ్లు తిరిగినవాణ్ణి, ఎన్ని కోళ్లదొడ్లు చూశాను! పైన డేగ దిగకుండా పాత చేపలవల కప్పించు. ఒక మూల నీడకు దొండపాదు పాకించు. ఇక అన్నిటికన్నా ముఖ్యం, మట్టిస్నానానికి గుంట. ఆ ఊసు ఎవరైనా ఎత్తారా?"

అబ్రాసు గంప సందుకు ముక్కు ఆనించింది. తన మనసులో మాట అన్నాడు! "లేదన్నా."

"దొడ్డి కంచె మొదట్లో, ఈ పొద వైపు పెట్టుకో. పొద్దుటెండ అక్కడే పడుతుంది. మట్టి ఎంత గుల్లగా ఉంటే అంత సుఖం."

సాయంత్రం ఈ సంగతి విని మైలడు నెమరు ఆపాడు. "కోడి స్నానం మీద నక్కకెందుకమ్మా అంత బెంగ? చుట్టమై వచ్చి దెయ్యమై పట్టేరకం వాడు."

"నువ్వు రోజూ పొలమంతా తిరిగొస్తావు. గంప కిందున్నదాని బాధ నీకేం తెలుసు?" అని కసిరింది అబ్రాసు.

మాట్లాడే జంతువులు కంచె కట్టుకుంటే వింతేముంది? మైలడు కొమ్ములతో రాటలు మోసుకొచ్చి పాతాడు. జాలీ చుట్టాడు, వల కప్పాడు, మూలన దొండతీగ నాటాడు, అబ్రాసు కోరినచోటే గుంట తీశాడు. మిగిలిన జాలీని మాత్రం కంచె అడుగుకు కలిపి, బయటి వైపు రెండు మూరల మేర నేలమీద పరిచాడు. దానిమీద మట్టి కప్పి గిట్టలతో తొక్కాడు.

"పడుకోబెట్టిన కంచె ఎవరికి తాతా? వృథా."

"తవ్వేవాడు గోడ మొదట్లోనే తవ్వుతాడమ్మా. ఒక్క అడుగు వెనక్కి వెయ్యడు."

ఆ దొడ్డి మొగుడు కట్టాడని నూకాలమ్మ అనుకుంది, పెళ్లాం కట్టించిందని మొగుడు అనుకున్నాడు. ఆ ఇంట్లో ఒకరినొకరు అడిగే అలవాటు లేదు. గంప ఎత్తి కోళ్లను దొడ్లోకి తోలారు.

పిల్లలు మట్టి తొక్కాయి. చెదలు తిన్నాయి. చిన్నదైతే గుంట వదిలి రానంది.

కొన్నాళ్లకు, వల మీదికి పాకిన దొండపాదు నీడ చిక్కబడ్డాక, ఒక మధ్యాహ్నం అందరూ పొలంలో ఉన్నారు. అబ్రాసు నీడలో కునుకుతోంది. చిన్నది ఒక్కతే గుంటలో పొర్లుతోంది. ఉన్నట్టుండి కంచె మొదట్లో మట్టి కదిలింది. అవతల నక్క, రెండు కాళ్లతో తవ్వుతున్నాడు!

అబ్రాసు కెవ్వుమని పరిగెత్తింది. చిన్నది దుమ్ము మత్తులో కళ్లు కూడా తెరవలేదు.

అంతలో కర్రుమని చప్పుడైంది. నక్క గోళ్లు జాలీకి తగిలాయి. పక్కకు జరిగి తవ్వాడు, అక్కడా జాలీయే. ఇంకొంచెం జరిగాడు, గోరు ఊడింది. కొండను తవ్వినవాడికి ఎలుకైనా దొరికిందట, వీడికి అదీ లేదు. అడుగు వెనక్కి వేస్తేగా! చిన్నది హాయిగా రెక్క విదిలిస్తే దుమ్మంతా వాడి కళ్లలో పడింది.

"స్నానానికొచ్చావా అన్నా?" అంది అబ్రాసు, పిల్లను రెక్క కిందికి లాక్కుంటూ.

నక్క నాలుక చాచి, జాలీ కన్నాల్లోంచి పిల్లను చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు అబ్రాసుకు తెలుసు. గంప సందుల్లోంచి ఎండను తనూ అలాగే చూసేది. జాలిపడబోయింది. పిల్ల ముక్కు తన పొట్టకు తగిలి, మానుకుంది.

సాయంత్రం మైలడు తిరిగొచ్చాక, సంగతంతా చెప్పి అడిగింది. "ఆవేళ నిన్ను కసిరాను తాతా. నీకూ ఏదైనా ఆశ ఉందా?"

"ఉందమ్మా. ఈ పలుపు లేకుండా ఏట్లో మెడదాకా దిగి, ఎవరూ అదిలించకుండా చీకటిపడేదాకా నిలబడాలని. చిన్నప్పటి నుంచీ ఉంది."

"ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదే!"

"ఎవరడిగారమ్మా? ఒకరి ఆశ గురించి పట్టించుకునేవాడు నక్కే మరి" అని మైలడు నెమరుకు దిగాడు.

నీ ఆశ తెలిసి దగ్గరికొచ్చినవాణ్ణి, ముందు వాడి ఆశేమిటో అడుగు.