నూటికి నూరు తెచ్చుకున్న బస్సు

అడిగి తెలుసుకుంటే పరువు పోతుందనుకునే పతంజలి అనే సలహాదారుడు ఒక కోస్తా జిల్లా రవాణా సంస్థలో ఉండేవాడు. పల్లె రూట్లను ప్రైవేటు బస్సుల యజమానులకు అప్పగించాలని సంస్థ తలపెట్టింది. ఒప్పందంలో ఏ షరతులుండాలో చెప్పే పని పతంజలిది. ఒక్క పల్లె బస్సయినా ఎక్కకుండానే ఆయన నలభై పేజీలు రాసిపారేశాడు. అందులో గట్టి షరతు ఒకటే: నెలలో మూడుసార్లు ఆలస్యమైతే రూటు రద్దు.

జనం అభిప్రాయం కోసం సభ పెట్టారు. మొగలిపాలెం నుంచి వచ్చిన నూకరత్నం లేచింది. ఆమె భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఏడు గంటల బస్సులో పట్నం తీసుకెళ్లి డయాలసిస్ చేయించేది.

"బాబూ, టయానికి రావాలని రాశారు, బాగుంది. స్టాపులో ఆగాలని ఎక్కడా రాయలేదేటి?" అంది.

"బస్సన్నాక ఆగదా అమ్మా? అన్నం నమిలి తినమని కూడా రాయమంటావా?" అన్నాడు పతంజలి.

వేదిక మీది పెద్దలంతా పకపకా నవ్వారు. నవ్వరూ మరి! వాళ్లలో ఒక్కడైనా ఆ బస్సు కోసం ఎండలో నిలబడిన పాపాన పోయాడా?

కొత్త బస్సులు వచ్చాయి. వేళ తప్పకపోవడంలో నూటికి నూరని మొదటి వారం నివేదిక చెప్పింది. పతంజలికి శాలువా కప్పారు. ఆ వారమే మొగలిపాలెం స్టాపులో నూకరత్నం చెయ్యెత్తితే బస్సు దుమ్ము కొట్టి పోయింది. తరవాతి విడతా అంతే. యాభై కిలోమీటర్లు కారు మాట్లాడుకునే స్తోమత ఆమెకెక్కడిది? భర్త కాళ్లు వాచాయి, ఆయాసం పట్టుకుంది. ఆమె ఆఫీసుకు ఫోను చేసింది.

"మా కాగితాల్లో బస్సు సరిగ్గానే తిరుగుతోంది" అన్నాడు పతంజలి.

"అయితే రేపు ఏడింటికి వచ్చి మీరే చెయ్యెత్తండి బాబూ!" అంది నూకరత్నం.

ఆమెది అబద్ధమని తేల్చడానికే ఆయన మర్నాడు కారులో వెళ్లాడు. స్టాపులో ఆమె భర్త రాయికి ఆనుకుని రొప్పుతున్నాడు. సరిగ్గా ఏడింటికి బస్సు వచ్చింది. పతంజలి రెండు చేతులూ ఎత్తాడు. సగం సీట్లు ఖాళీగా ఉన్న బస్సు ఆయన్ని తప్పించుకుని వెళ్లిపోయింది. ఆయన వాళ్లిద్దరినీ కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగు తీశాడు.

"ఇంకొక్క పూట గడిస్తే మనిషి దక్కేవాడు కాదు. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని డాక్టరు కేకలేశాడు. నూకరత్నం పతంజలి వైపు చూసింది.

ఆయన బస్టాండుకు పోయి డ్రైవరును నిలదీశాడు. "చెయ్యెత్తిన మనిషి కనపడలేదా? ఎందుకాపలేదు?"

"ఆపితే ఆలస్యం సార్. ఆలస్యమైతే రూటు పీకేస్తామని రాశారు. ఆపకపోతే ఏం చేస్తారో రాయలేదు కదా" అన్నాడు డ్రైవరు.

పతంజలి సిగ్గుతో తల దించుకున్నాడు. తరవాతి సమావేశంలో శాలువా తిరిగిచ్చేసి, ఒప్పందం మార్పించాడు. స్టాపులో మనిషి ఉంటే బస్సు ఆగి తీరాలన్నది మొదటి షరతైంది. దాన్ని చదివి వినిపించమని నూకరత్నాన్నే పిలిచాడు. ఈసారి వేదిక మీద ఎవరూ నవ్వలేదు.

నీతి: ఎవరి అవసరం కోసం నియమం రాస్తున్నామో ముందు వాళ్ల మాట వినాలి, వినకుండా చెప్పిన సలహా ప్రాణం మీదికి తెస్తుంది.