కవరు తీయని సీటు

"మాస్టారూ, చిన్న లగ్జరీ కారు లోపలి సుఖాన్ని దేనితో కొలవాలి?" అని అడిగింది సుభాషిణి.

ఆమె ఒక పత్రికలో వాహనాల పేజీ రాస్తుంది. ఓ కొత్త కారులో వారం పాటు తిరిగి వచ్చింది. సీట్ల తోలు మెత్తగా ఉందట, ముందున్న తెర పెద్దదట, లోపలంతా రంగురంగుల దీపాలట, వెనక సీట్లో మోకాళ్లు మాత్రం కాస్త ఇరుకట. ఇన్ని తెలిసినా, ఆ ధరకు తగినదా కాదా అని రాయాల్సిన ఒక్క వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. మా పరాంకుశం మాస్టారు పాలిటెక్నిక్‌లో మాకు ఆటోమొబైల్ పాఠాలు చెప్పినవారు. విశాఖలో పాత కారు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఆయన మాట విన్నాకే బేరానికి కూర్చుంటారు. ఆయన శిష్యులమని చెప్పుకోవడం మాకు గొప్పే, అందులో దాపరికం ఏమీ లేదు. కాకపోతే ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. కళ్లజోడు తుడుచుకుని పైడినాయుడి సంగతి చెప్పారు.

పైడినాయుడు అనకాపల్లిలో బెల్లం వర్తకుడు. వాళ్ల వీధిలో మొట్టమొదటి లగ్జరీ కారు అతనిదే. చిన్నదే అయినా ఠీవి ఉన్న కారు. కొన్నాళ్లకు దాన్ని మాస్టారి గుమ్మం ముందు ఆపి, "దీనికెంతొస్తాదో సూడండి మాస్టారూ, అమ్మేస్తాను" అన్నాడు. ఎందుకని అడిగితే మొహం చిన్నబుచ్చుకున్నాడు. అతని అక్క నూకరత్నం హరికథ భాగవతారిణి. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని, ఊరూరా కథలు చెప్పి పెంచిన మనిషి. అతను కారు కొన్నదే ఆవిణ్ణి దర్జాగా కథలకు తీసుకెళ్లాలని. ఆవిడ ఒక్కసారి ఎక్కింది. ఆ తర్వాత ఎంత బతిమాలినా, "నాకు రైలే బాగుంటుందిరా తమ్ముడూ" అంటూ తప్పించుకుంటోంది.

"కారు సిన్నదైపోనాది మాస్టారూ. మా అక్క పేరుకి ఇది సాలదు. పెద్దది కొంతాను" అన్నాడు నాయుడు.

మాస్టారు తలుపు తీసి చూశారు. కొన్ననాడు సీట్లకున్న ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. "ఒక్క మరక పడనిచ్చాననుకున్నారేటి? ఇప్పుడు అమ్మినా కొత్త కారు కిందే లెక్క" అని ఛాతీ విరిచాడు నాయుడు. అతన్ని చూసి మనలో ఎవరు నవ్వగలం? టీవీ రిమోట్‌కి కవరు, సోఫాకి దుప్పటి, కొత్త ఫోనుకి తొడుగు మీద తొడుగు వేసుకునేవాళ్లమే కదా. మాస్టారు కూడా నవ్వలేదు. "వెల తర్వాత చెబుతాను. మీ అక్కగారి కథ ఈసారి ఎక్కడ?" అని మాత్రం అడిగారు. విజయనగరంలో, ఆ ఆదివారమే, పైగా ఆవిడకి సన్మానం కూడానట. "నేనూ వస్తాను. దారిలో నాకు తోడు కావాలన్నానని చెప్పు" అన్నారు మాస్టారు. పెద్దాయన మాట కాదనలేక ఆవిడ కారెక్కింది.

మాస్టారు ముందు కూర్చున్నారు. నూకరత్నం వెనక సీట్లో, పట్టుచీర కట్టుకుని, చిడతలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బ్రేకు పడితే చాలు, చీర ప్లాస్టిక్ మీద జారి ఆవిడ ముందుకొచ్చేసేది. పైనున్న పిడి పట్టుకుని మళ్లీ వెనక్కి జరిగేది. కథకు ముందు దారిలో గొంతు సరిచేసుకోవడం ఆవిడ అలవాటు. సన్నగా రాగం ఎత్తింది. ఊపిరి తీస్తే కవరు కరకర, కదిలితే కరకర. ఎత్తిన రాగం ఎత్తినట్టే ఆపేసింది. నాయుడు అద్దంలో చూస్తూ, "సర్దుకుని కూకో అక్కా, కవరు సిరుగుతాది" అన్నాడు, ప్రేమగానే.

ఆనందపురం దగ్గర టీకి ఆగారు. ఆవిడ దిగి, "ఒరే, ఇక్కణ్ణించి బస్సులున్నాయి కదా. నేనందులో వచ్చేస్తాను" అంది. నాయుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. సన్మానం జరిగే ఊళ్లో అక్క బస్సు దిగడం, తాను వెనకాల ఖాళీ కారు తోలుకుంటూ పోవడం! అంతకంటే తలవంపు ఏముంటుంది?

"అంత సెడ్డగుందేటి అక్కా, నా కారు?" అన్నాడు.

ఆవిడ మాస్టారి వైపు చూసింది. మాస్టారు టీ ఊదుకుంటూ, "కారు బాగోలేదని ఎవరన్నారు నాయుడూ? ఆవిడ ఇంకా అందులో కూర్చోనే లేదు" అన్నారు.

నాయుడు వెనక తలుపు తీసి, కవరు అంచు దొరకబుచ్చుకుని బర్రున చింపాడు. రాని చోట పళ్లతో లాగాడట. అన్నీ ఉండచుట్టి టీకొట్టు చెత్తబుట్టలో కుక్కాడు. నూకరత్నం ఎక్కి, మెల్లగా వెనక్కి ఆనుకుంది. చీర జారలేదు.

కారు చిన్నదే. కానీ తలుపులు మూశాక పక్కనుంచి పోయే లారీల రొద లోపలికి రాలేదు. ఆవిడ రాగం ఎత్తింది, ఈసారి ఆపలేదు. అక్క గొంతు నాయుడు ఎన్ని పందిళ్లలోనో మైకుల్లో విన్నాడు. ఇంత దగ్గరగా వినడం మాత్రం ఆవిడ చంకలో ఉన్ననాటి తర్వాత ఇదే. ఏసీ గాలి చప్పుడు కూడా అడ్డమనిపించి ఆపేశాడు. ముగ్గురికీ చెమటలు పట్టాయి, ఎవరూ పట్టించుకోలేదు.

విజయనగరంలో పెద్దలు దండలు పట్టుకుని కారు చుట్టూ మూగారు. నాయుడు అద్దం కాస్త దించి, చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. "ఉండండి, మా అక్క పద్యం అవ్వనీండి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని మొహం చూడాల్సిందే అన్నారు మాస్టారు. లోకం మొత్తానికి అక్క ఉన్నవాడు తానొక్కడే అన్నట్టు ఉన్నాడట.

"ఇంతకీ ఆ కారుకి ఎంత వెల కట్టారు మాస్టారూ?" అంది సుభాషిణి.

"అతను మళ్లీ అడగలేదమ్మా" అన్నారు మాస్టారు.