బురద మీద తలుపులు

...అదేనర్రా, ఇంత ఆలస్యం చేశానని ఏమీ అనుకోకండి, కథ చెప్తానని చెప్పి పనుల్లో పడిపోయాను. సరే, వినండి. సముద్రానికి దగ్గర్లో, గోదావరి పాయ ఒడ్డున ఒక పల్లెపాలెంలో వీరభద్రం అని ఒకాయన ఉండేవాడు, ఇంటి ముందు పారే నీళ్ళు కూడా తనవే అనుకునేవాడు.

పాయ నడిమి దాకా గుంజలు పాతి, టేకు చెక్కలు పరిచి జెట్టీ కట్టుకున్నాడు. దానికి హౌస్‌బోటు కట్టి టూరిస్టుల్ని తిప్పేవాడు. ఆ జెట్టీ అంటే ప్రాణం. రోజూ పొద్దున్నే కొబ్బరి పీచుతో తనే తోమేవాడు. అతన్ని చూసి ఇంకొందరూ కట్టారు. గుంజలు పెరిగినకొద్దీ నీటి నడక మందగించి పాయ మధ్యలో బురద మేట వేసింది. వేటకెళ్ళే పడవలకి దారి ఇరుకైపోయింది.

పాలెం వాళ్ళంతా కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. జెట్టీలు ఒడ్డు దగ్గరికి జరపాలి. ఆటు వేళ, అంటే సముద్రం నీటిని వెనక్కి లాగే వేళ, హౌస్‌బోట్లు కదలకూడదు. చేపలమ్మే ధనకొండ ఆ మాట చెప్పడానికి వచ్చింది.

"నా ఇంటి ముందు నీళ్ళు నా ఇష్టం వదినా! నువ్వు చేపలమ్ముకో, ఏటికి మునసబువి కాకు" అన్నాడు భద్రం.

"నీళ్ళు నీవైతే, ఆటుని కాసేపు ఆగమని చెప్పు, చూస్తాను" అని నవ్వేసి వెళ్ళిపోయింది.

పున్నమి మర్నాడు భద్రం అత్తగారు, బావమరిది పిల్లలు వచ్చారు. వాళ్ళతో పాటు భార్య రత్నావతిని కూడా బోటెక్కించాడు. అప్పటికే ఆటు మొదలైంది. బోటు నడిపే సరంగు నసిగాడు.

"మన బోటుకి ఆటేంట్రా? పోనియ్యి!" అని జెట్టీ మీద నిలబడే కేకేశాడు భద్రం.

కాసేపటికే బోటు మేట మీద కూర్చుండిపోయి ఒక పక్కకి ఒరిగింది. చూస్తుండగానే చుట్టూ నీరు పోయి బురద మిగిలింది. అడుగేస్తే నడుము దాకా దిగిపోతారు. పడవ వెళ్ళదు, మనిషి నడవలేడు. మళ్ళీ పోటొస్తే ఒరిగిన బోటు తేలదు, నిండిపోతుంది. భద్రం ఒడ్డున అటూ ఇటూ పరిగెడుతున్నాడు. ఎవర్ని పిలవడానికీ నోరు రాలేదు, అందర్నీ కాదన్నవాడు గదా!

పిలవక్కర్లేకపోయింది. ధనకొండ తన ఇంటి తలుపు ఊడదీసి నెత్తిన పెట్టుకొచ్చింది. వెనకాల పాలెం పాలెమే వచ్చింది! తుఫానప్పుడు బురద మీద తలుపులు పరిచి ముసలాళ్ళని దాటించడం వాళ్ళకి అలవాటు. నీలం తలుపులు, పచ్చ తలుపులు, పసుపు రాసినవి, పిల్లలు సుద్దముక్కతో బొమ్మలేసినవి. ఒకదాని తర్వాత ఒకటి, దారి బురద మీద పాకుతూ పోయింది. భద్రం నోరు తెరుచుకుని చూశాడు. తనవాళ్ళ కోసం ఊళ్ళో ఒక్క ఇంటికీ తలుపు మిగల్లేదు!

బోటు కాస్త దూరం ఉందనగా తలుపులు అయిపోయాయి. దూరంగా తెల్లటి నురగ కనబడింది. పోటు బయల్దేరింది.

"నీ ఇంటి తలుపులేవయ్యా?" అని అరిచింది ధనకొండ.

"అవి అద్దాలవి వదినా!" అని ఏడ్చేశాడు.

అంతలోనే గునపం పుచ్చుకుని జెట్టీ మీదకి ఉరికాడు. రోజూ తోమే చెక్కల్ని తన చేత్తోనే పీకి పీకి అందించాడు.

ఆఖరి చెక్క బోటుకి ఆనింది. పిల్లలు, రత్నావతి, సరంగు, ధనకొండ మొగుడి వీపు మీద అత్తగారు, అందరూ ఒడ్డెక్కారు. వెనకాలే పోటు వచ్చింది. ఏం చప్పుడర్రా అది! బోటు మునిగిపోయింది. తలుపులన్నీ ఒక్కసారిగా లేచి, పాయ నిండా రంగురంగులుగా తేలాయి. ఇంత నీటినా నాదన్నాను అనుకున్నాడు భద్రం. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నీళ్ళకో, ఆ మనుషులకో, అతనికే తెలీలేదు.

మర్నాడు మిగిలిన గుంజలు తనే పీకేశాడు. అప్పుడు ధనకొండ ఏమందంటే... ఆఁ? వస్తున్నానండీ! ఒక్క నిమిషం, నీతి చెప్పేసి వస్తా. పారే నీరు అందరిదీ పిల్లలూ. దానికి ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు మీరితే, ముందు మునిగేది మనవాళ్ళే. ఆఁ, వస్తున్నా, వస్తు—