ఎల్లమంద వరస

అనగనగా, మీ తాతకి ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, పాలమడుగు అనే ఊళ్ళో ఎల్లమంద అనేవాడు ఉండేవాడు. ఎంత పొడుగంటే, చెప్తే మీరు నమ్మరు. వాళ్ళది సున్నాలు వేసే ఇల్లు. అందరూ నిచ్చెనెక్కి గోడకి సున్నం వేసేవాళ్ళు. ఎల్లమంద నేల మీద నిలబడి వేసేవాడు. మనిషి పొడుగు, మాట పొట్టి, మనసు మెత్తన.

ఒకసారి ఊరి కాలేజీ గోడకి సున్నం వేస్తున్నాడు. అదే కాలేజీలో రాజారత్నం మాస్టారని బాస్కెట్‌బాల్ కోచ్ ఉన్నాడు. ఆయన మెళ్ళో ఎప్పుడూ ఈల, చంకలో ఎప్పుడూ గొడుగు. గోడ మీద చూరు దాకా తడి సున్నం ఉంది, చుట్టుపక్కల ఎక్కడా నిచ్చెన లేదు. మాస్టారు ఒకసారి గోడని చూశాడు, ఒకసారి ఎల్లమందని చూశాడు.

"ఒరే, నువ్వేం చదివావురా?"

"పదో తరగతి గట్టెక్కానండి."

"కుంచె అవతల పెట్టు. రేపట్నించి నువ్వు కాలేజీలో చదువుతున్నావు."

అలా ఎల్లమంద ఇంటర్లో చేరాడు. చేరి పరీక్ష తప్పాడు. ఒకసారి తప్పాడు, రెండుసార్లు తప్పాడు, మూడుసార్లు తప్పాడు. తప్పినప్పుడల్లా రాజారత్నం మాస్టారు కాలేజీ అంతా బెల్లం మిఠాయి పంచిపెట్టాడు. తప్పితే ఇంకో ఏడాది ఆడతాడు కదా మరి.

ఆట మాత్రం వాడికి చేతికందింది. బుట్ట ఎంత ఎత్తున కట్టినా వాడికది చూరులో పెట్టిన దువ్వెనే. చెయ్యెత్తి బంతి లోపల పెట్టేసేవాడు. కాని ఒక్కటే చిక్కు. ఎవరేం అడిగినా కాదనలేడు.

మొదటి పోటీలో అవతలి జట్టువాడు ఎగిరెగిరి అందక, ఆయాసంతో, "అన్నా, ఒక్కసారి ఇవ్వవా" అన్నాడు. ఎల్లమంద ఇచ్చేశాడు.

"ఒరే, అన్నా అంటే ఇచ్చేస్తావా?" అని రాజారత్నం మాస్టారు గొడుగుతో వెంటపడ్డాడు.

రెండో పోటీలో ఇంకొకడు, "బాబాయ్, ఇలా ఇయ్యి" అన్నాడు. ఎల్లమంద ఇచ్చేశాడు. "అన్నా అంటే ఇవ్వద్దన్నారు గాని, బాబాయ్ సంగతి చెప్పలేదు కదండీ" అన్నాడు.

మూడో పోటీలో అవతలివాడు ఏమీ అనలేదు. మొహం దిగాలుగా పెట్టి నిలబడ్డాడు, అంతే. ఎల్లమంద ఇచ్చేశాడు.

మాస్టారు రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. ఎల్లమంద చెవుల్లో దూది కుక్కాడు. "ఎవడి మొహం చూడకు. బుట్టనే చూడు" అన్నాడు. ఆ రోజు ఎల్లమంద ఆడినట్టు ఆ జిల్లాలో ఎవరూ ఆడలేదు. సగం ఆట అయ్యేసరికి అవతలి జట్టు కోచ్ తువ్వాలు మొహాన కప్పుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత జట్లు పక్కలు మారాలి. మారమని ఈల వేశారు, కేకలు వేశారు. దూది చెవులకి ఏం వినబడుతుంది? మాస్టారు చెప్పినట్టే ఎల్లమంద మొదట చూసిన బుట్టనే చూస్తూ, రెండో సగమంతా సొంత బుట్టలోనే వేశాడు. ఆ పోటీ ఒంటిచేత్తో గెలిపించిందీ వాడే, ఒంటిచేత్తో ఓడించిందీ వాడే.

అలా ఆరేళ్ళు ఆడాడు. ఏడో ఏడు ఎగిరి దిగేటప్పుడు మోకాలు పటుక్కుమంది. ఆర్నెల్లు మంచంలో ఉన్నాడు. మంచం చాలక కాళ్ళు బల్ల మీద పెట్టేవాళ్ళు. లేచాక నడక వచ్చింది గాని ఎగరడం రాలేదు. ఒంటరిగా ఆ మైదానం అంచున నిలబడి బుట్టల వంక చూసేవాడు. సున్నం కుంచె పట్టుకోవడానికి చేయి వెనక్కి పోయేది.

రాజారత్నం మాస్టారు అరిచే మనిషే గాని రాయి కాదు. ప్రిన్సిపాలుతో పోట్లాడి వాణ్ణి సహాయ కోచ్‌గా పెట్టించాడు. సహాయ కోచ్ అంటే ఏం పని? బంతికి గాలి కొట్టాలి. కుండకి నీళ్ళు పట్టాలి. పెద్ద కోచ్ తిడితే పడాలి. ఎల్లమంద మూడూ చక్కగా చేశాడు. మూడోదైతే మరీ చక్కగా చేశాడు.

ఇలా ఉండగా కాలేజీలో ఎనిమిదిమంది ఆడపిల్లలు వచ్చి, మేమూ ఆడతామన్నారు. రాజారత్నం మాస్టారు నవ్వి, "ఎల్లమందా, వీళ్ళని నువ్వు చూసుకో" అని గొడుగు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఎనిమిదిమందిలో ముందుండే పిల్ల సౌభాగ్యం. గాలి కంటే ముందు పరిగెత్తేది. అందరికంటే చివర కూర్చునే పిల్ల వజ్రం. బంతి వస్తోందంటే కళ్ళు గట్టిగా మూసుకునేది. బంతి వచ్చి నెత్తిన తగిలి వెళ్ళిపోయాక కళ్ళు తెరిచి, "వచ్చిందా మాస్టారూ?" అని అడిగేది.

"వచ్చింది తల్లీ. వెళ్ళింది కూడా" అనేవాడు ఎల్లమంద.

అప్పుడొక పద్ధతి పెట్టాడు. ఏ రోజు ఆట మొదలైనా మొదటి బంతి చివర కూర్చున్న పిల్లకే వెయ్యాలి. సౌభాగ్యానికి ఒళ్ళు మండింది.

"దానికేస్తే పోయినట్టే కదా మాస్టారూ."

"పోనీ. పోయేది ఒక్క బంతి. వెయ్యకపోతే పిల్లే పోతుంది."

మొదటి ఏడు పోటీకెళ్ళారు, ఓడిపోయారు. రెండో ఏడు వెళ్ళారు, ఇంకా బాగా ఓడిపోయారు. మూడో ఏడు ప్రిన్సిపాలు ఎల్లమందని పిలిచి, "ఈసారి కూడా ఓడితే మీ పిల్లలు ఆడే స్థలంలో సైకిళ్ళ షెడ్డు వేయిస్తాను" అన్నాడు. ఎల్లమంద ఆ మాట పిల్లలకి చెప్పలేదు. కాని వారం రోజులు సైకిలు కనబడితే మొహం తిప్పుకునేవాడు.

మూడో ఏడు ఎలా గెలిచారో గెలుచుకుంటూ ఆఖరి పోటీ దాకా వెళ్ళారు. అవతల పట్నం జట్టు. వాళ్ళ బూట్లు చూసే మనవాళ్ళలో ఇద్దరికి కడుపునొప్పి వచ్చింది.

"ఇవాళ కూడా మొదటి బంతి వజ్రానికేనా మాస్టారూ?" అంది సౌభాగ్యం, ఏడుపు గొంతుతో.

"ఇవాళ కూడానే."

వేశారు. వజ్రం కళ్ళు మూసుకుంది. బంతి జారిపోయింది, పట్నం పిల్ల అందుకుని బుట్టలో వేసింది. జనం విరగబడి నవ్వారు. ఎల్లమంద మాత్రం వజ్రాన్ని దింపలేదు. పట్నం పిల్లలు, ఈ పిల్ల పనికిరాదులే అనుకుని ఆమె దగ్గర కాపలా మానేశారు. ఆటంతా సౌభాగ్యం చుట్టూ ముగ్గురు, మిగతావాళ్ళ చుట్టూ ఇద్దరు. వజ్రం బుట్ట కింద ఒంటరిగా, అత్తారింట్లో కొత్త కోడల్లా నిలబడి ఉంది.

ఆట ఇంకో చిటికెలో అయిపోతుంది. ఒక్క పాయింటు వెనకున్నారు. బంతి సౌభాగ్యం చేతిలో ఉంది. ముందు ముగ్గురు, దారి లేదు. ఆ పిల్ల పళ్ళు కొరికి, దేవుణ్ణి తల్చుకుని, బంతిని వజ్రం వైపు విసిరింది.

ఈల మోగింది. జనం గోల. ఎల్లమంద గోడ వైపు తిరిగి ఉన్నాడు.

"ఏమైంది?" అని అడిగాడు, తిరక్కుండానే.

"మీరు చూళ్ళేదా మాస్టారూ?" అంది వజ్రం. రొప్పుతోంది.

"కళ్ళు మూసుకున్నాను తల్లీ."

"నేను తెరిచాను మాస్టారూ. పడింది" అంది.

సైకిళ్ళ షెడ్డు వేరే చోట వేశారు. రాజారత్నం మాస్టారు పిల్లలు గెలిచిన కప్పుని చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. గొడుగు ఆ రోజు ఎల్లమంద మోశాడు.

మాస్టారు రిటైరయ్యాక ప్రిన్సిపాలు, "ఇక నువ్వే పెద్ద కోచ్‌వి" అన్నాడు.

"వద్దండి. పెద్ద కోచ్ అందరికంటే ముందు నిలబడాలి. నేను ముందు నిలబడితే వెనకున్నవాళ్ళకి ఆట కనబడదు" అన్నాడు ఎల్లమంద.

అలా ముగ్గురు పెద్ద కోచ్‌ల దగ్గర ముప్పై ఏళ్ళు సహాయ కోచ్‌గానే ఉన్నాడు. ఒక వేసవిలో, బంతికి గాలి కొడుతూ కొడుతూ, పంపు పక్కన పెట్టి, గోడకి ఆనుకుని, పోయాడు. పాడె కట్టడానికి తెచ్చిన వెదుళ్ళు చాల్లేదు. మళ్ళీ వెళ్ళి తెచ్చారు.

పెద్దకర్మ భోజనాలకి ఊరంతా వచ్చింది. ఆటలాడిన పిల్లలంతా పిల్లల తల్లులై వచ్చారు. వజ్రం అప్పటికి బడిలో పెద్ద పంతులమ్మ. ఆకులు వేశారు. పంక్తి మొదట కాలేజీకి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు, ఆ పక్కన ఊరి పెద్దలు. వజ్రం కొంగు బిగించి గారెల బేసిను ఎత్తుకుంది. ప్రిన్సిపాలు ఆకు సవరించుకున్నాడు. వజ్రం ఆయన్ని దాటిపోయింది. పెద్దలందర్నీ దాటిపోయింది. ఆ చివర, గుమ్మం పక్కన, మైదానం ఊడ్చే నాగరత్తమ్మ కూర్చుని ఉంది. మొదటి గారె ఆమె ఆకులో వేసింది.

"అదేంటమ్మా, అటునుంచి మొదలెట్టావు?" అన్నాడు ప్రిన్సిపాలు.

"మా మాస్టారు నేర్పిన వరస అండి" అంది వజ్రం.

ఇప్పటికీ పాలమడుగులో పెళ్ళయినా, పెద్దకర్మ అయినా, వడ్డన పంక్తి చివరనుంచే మొదలవుతుంది. దాన్ని ఎల్లమంద వరస అంటారు. కాకపోతే జనానికి తెలివి ఎక్కువైంది. వేడి గారె ముందు చివర పడుతుందని తెలిశాక, పెద్దమనుషులంతా చివరకి తోసుకుంటున్నారు. ఏది చివరో తేలక వడ్డించేవాళ్ళు గరిటె పట్టుకుని నిలబడిపోతారు. అటుచూసి ఇటుచూసి, అందరూ వదిలేసిన పంక్తి మొదట్లో ఒంటరిగా కూర్చున్న ఏ ముసలమ్మ దగ్గరో మొదలుపెడతారు.

అదీ ఎల్లమంద వరసే, పెట్టమ్మా పెట్టు, అంటారు పాలమడుగువాళ్ళు.