నీడరాయి దగ్గర రహస్య చర్చ

కొండ దిగువన వాగు ఎండిపోయాక ఆ అడవికి మిగిలేది ఒక్కటే మడుగు. మడుగు నడుమ నిలువెత్తు రాయి ఉంది. నీడరాయి అంటారు. పొద్దున పూట దాని నీడ పడమటి గట్టు మీద పడుతుంది. అప్పుడు ఆ గట్టు మీది అడవిపందులు తాగాలి. పొద్దు వాలాక నీడ తూర్పు గట్టుకు మళ్లుతుంది. అప్పుడు అడవిదున్నలు, దుప్పులు తాగాలి. ఈ ఏర్పాటు ఎవరు చేశారో ఎవరికీ గుర్తులేదు. దేవుడే తన చేత్తో ఆ రాయిని అక్కడ నిలబెట్టి, ఇక కొట్టుకోకండర్రా అన్నాడని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. చాలా తరాలు కొట్టుకోలేదు కూడా.

తగువు మబ్బు వల్ల వచ్చింది. ఒక ఎండాకాలం ఆకాశమంతా మూసుకుపోయి రాయికి నీడే లేకుండా పోయింది. పందులు ఇంకా తమ వంతే అనుకున్నాయి. దున్నలు తమ వంతు వచ్చేసిందనుకున్నాయి. ఇద్దరూ ఒకేసారి నీళ్లలోకి దిగారు. ఎవరిదో కోర ఎవరి తొడకో గీసుకుంది, ఎవరిదో కొమ్ము ఎవరి డొక్కలోనో దిగింది. మబ్బు ఒక్క చుక్కయినా రాల్చకుండా తన దారిన తను పోయింది. యుద్ధం మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఏడాది తిరిగింది. మళ్లీ ఎండలొచ్చాయి. ఏ గట్టు నుంచి ఎవరు నీళ్లకు దిగినా అవతలి గట్టు కాపలావాళ్లు మీదపడేవాళ్లు. చీకట్లో ఆకుల మీది మంచు నాకి, చెలమలు గీరి, ఎలాగో బతుకుతున్నారు. ఎదురుగా మడుగులో నీళ్లు తళతళా మెరుస్తూనే ఉన్నాయి.

తూర్పు గట్టుకు అధ్యక్షుడు మహాశృంగుడనే అడవిదున్న. కొమ్ముల వెడల్పు చూసి ఎన్నుకున్నారు. చెవులు ఎలా ఉన్నాయో ఎవరూ చూసుకోలేదు. ఆయన రోజూ పొద్దున్నే గట్టెక్కి, ముక్కుపుటాలు ఎగరేసి, "ఒక్క గుక్క కూడా వదిలేది లేదు" అని గర్జించేవాడు. మంద తలలూపేది. ఊపడానికి తల ఉన్నంతవరకూ అదే చేస్తుంది మంద.

విదేశీ వ్యవహారాలు మాత్రం మధ్యాహ్నం మేత అయ్యాక, పడుకుని నెమరు వేసుకుంటూ ఆలోచించేవాడు. దున్నల అలవాటది. కడుపులోది నోట్లోకి వచ్చేటప్పుడు మనసులోదీ వచ్చేస్తుంది. అందుకే అది రహస్య సమావేశం. అందరినీ దూరంగా పంపేసేవారు. దగ్గర ఉండేది వినయుడనే నక్క ఒక్కడే. రాయబారి, సలహాదారు, అన్నీ అతనే. అధ్యక్షులవారి వీపు మీద గోమార్లు ఏరుకుంటూ తెల్లి అనే కొంగ కూడా ఉండేది గానీ, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఒంటి మీద దురదను లెక్కలో వేసుకుంటామా ఎక్కడైనా.

వినయుడికి సేవాగుణం కూడా ఎక్కువే. పోరులో పడిపోయినవాళ్లను ఈడ్చుకెళ్లి సాగనంపే పని తనే నెత్తిన వేసుకున్నాడు. "మీ కళ్లముందు ఉంటే మీరు తట్టుకోలేరు" అనేవాడు. ఎంత మనసో అనుకునేవాళ్లు. అందరి పక్కటెముకలూ బయటపడ్డ ఆ కరువులో అతని బుగ్గలు ఎలా నిండుతున్నాయో ఎవరూ ఆరా తీయలేదు.

ఒక మధ్యాహ్నం చుక్కమ్మ అనే దుప్పి తడబడుతూ వచ్చింది. పోయిన ఏటి పిల్ల నీళ్లకు దిగి గట్టు మీదే పోయింది. ఈ ఏటి పిల్ల చెట్టు కింద పడుకుని ఉంది.

వినయుడు అడ్డంగా నిలబడ్డాడు. "ఎక్కడికమ్మా? అధ్యక్షులవారు రహస్య చర్చలో ఉన్నారు."

"దేని గురించండీ?"

"శాంతి గురించి."

"నేను వచ్చిందీ దాని గురించే. నా పిల్ల పొద్దుట్నుంచీ లేవడం లేదు. నాలుక తడుపుదామంటే నా నోట్లోనే తడి లేదు."

"అది దాహం తల్లీ. శాంతి పెద్ద విషయం, దాహం చిన్న విషయం. రెండూ కలపకూడదు."

"ఎప్పటికి తేలుతుందో అదైనా చెప్పండి."

"తేలుతుంది, తేలుతుంది. నువ్వు వెళ్లి పిల్ల పక్కన కూర్చో. ఏదైనా అయితే నాకు కబురు పెట్టు, నేనే వచ్చి చూసుకుంటాను."

చుక్కమ్మ వెనక్కి తిరిగింది. వినయుడు పెదవులు తడుపుకుని చెట్ల గుబురు లోపలికి వెళ్లాడు.

లోపల మహాశృంగుడు కళ్లు అరమోడ్చి నములుతున్నాడు. "వినయా, నిజం చెప్పాలంటే నాకు పాత వంతే చాలు. నీడ అటున్నప్పుడు వాళ్లు, ఇటున్నప్పుడు మనం. ఇంతకన్నా ఎవడిక్కావాలి?"

"ఏమీ అక్కర్లేదండీ."

"కానీ ఆ మాట ముందు నేననకూడదు."

"అననే కూడదు. ముందన్నవాడు ఓడినట్టే."

"ముట్టెమ్మ ఏమంటోంది?" ముట్టెమ్మ పడమటి గట్టు పందులకు పెద్ద.

"నా నోటితో చెప్పించకండి."

"చెప్పు."

"మీ కొమ్ములు ఊడబెరికి దుంపలు తవ్వుకుంటుందట."

నమలడం ఆగిపోయింది. "అంత మాటంటే ఇక మనకు తోడు కావాలి."

"నా బుర్రలోదే అన్నారు. పై కొండ ఏనుగుల్ని పిలుద్దాం. గుంపుగా దిగాయంటే పందులు కంటికి కనబడవు. రేపు మధ్యాహ్నం మీరు ఊఁ అంటే, పొద్దు వాలేసరికి నేను బయలుదేరతాను."

"ఏనుగులు మరీ ఎక్కువ తాగుతాయేమో."

"స్నేహితులు తాగే నీళ్లు కొలవకూడదండీ."

వీపు మీద తెల్లికి గోమారు గొంతుకడ్డం పడినంత పనయింది.

కొంగలకో నియమం ఉంది. ఎవరి వీపు మీద తింటారో వాళ్ల మాట బయట పెట్టకూడదు. తెల్లి ఇన్నాళ్లూ ఆ నియమం తప్పలేదు. అయితే కరువులో మహాశృంగుడి వీపు మీద గోమార్లు కూడా తగ్గిపోయాయి. ఆ సాయంత్రం అది మొదటిసారి పడమటి గట్టుకు ఎగిరింది. పందులు ముట్టెతో నేల పెళ్లగిస్తే పురుగులు దొరుకుతాయి గదా అని.

అక్కడ ముట్టెమ్మ బెట్టగట్టిన నేలను కుమ్ముతూ తనలో తను గొణుక్కుంటోంది. చుట్టూ పందిపిల్లలు నాలుకలు వేలాడేసి పడున్నాయి. "పాత వంతు ఇచ్చేస్తే చాలు భగవంతుడా. పొద్దున పూట మా పిల్లలు తాగుతారు, మధ్యాహ్నం వాళ్ల పిల్లలు తాగుతారు. కానీ నేనెలా ముందడగను? ఆ దున్నయ్య మా దుంపనేల అంతా తొక్కి పాడుచేస్తానన్నాడట. ముందడిగితే భయపడ్డాననుకోడూ."

తెల్లి పురుగును నోట్లోనే ఉంచుకుని ఉండిపోయింది. అక్కడ అదే మాట, ఇక్కడా అదే మాట. మధ్యలో ఇన్ని చావులు.

తిరిగొస్తూ చుక్కమ్మ పిల్ల మీదుగా ఎగిరింది. పిల్ల చెవి మీద ఈగ వాలితే చెవి కదల్లేదు. కొంచెం ఆగాక కదిలింది. నియమం సంగతి తరువాత చూసుకుందాంలే అనుకుని తెల్లి నేరుగా పెద్దక్క దగ్గరికి వెళ్లింది.

పెద్దక్క అంటే మహాశృంగుడి అక్క. పళ్లు అరిగిపోయిన ముసలి దున్న. వాళ్ల అమ్మమ్మ నాటి సంగతులన్నీ ఆమెకే గుర్తు. అందుకే ఎవరూ ఆమెను ఏమీ అడగరు.

తెల్లి చెప్పిందంతా విని ఆమె కళ్లు మూసుకుంది. "ఇద్దరికీ ఒకటే కావాలి."

"అవును పెద్దమ్మా."

"ఇద్దరూ చెప్పరు."

"చెప్పరు."

"నారాయణా. వీణ్ణి పసిప్పుడు నేనే నాకి నాకి నిలబెట్టాను. ఆ నాకుడేదో బుర్ర దాకా వెళ్లుంటే బాగుండేది." ఆమె చెవులు విదిలించింది. "మీరిద్దరూ ఒకే మాటనుకుంటున్నారని వాడికి చెబితే నమ్మడు. రహస్యం బయటికెలా పోయిందని విచారణ మొదలుపెడతాడు. అది ఇంకో ఏడాది. చెప్పడం కాదు, వినిపించాలి. నీళ్లు తగ్గి నీడరాయికి రెండు వైపులా బురద తేలింది గదా, రేపు మధ్యాహ్నం ముట్టెమ్మను రాయి అవతలి బురదలోకి రమ్మను. ముక్కు తప్ప ఏమీ పైకి కనబడకూడదు."

"కాపలా వాళ్లుంటారు గదా?"

"ఆ ఎండలో కాపలాలు కూడా నిద్రపోతాయి. తమ్ముణ్ణి నేను తెస్తాను."

ముట్టెమ్మ మొదట ఒప్పుకోలేదు. "నేనెందుకు దాక్కోవాలి? దొంగనా?"

"పంది బురదలో పడుకుంటే దాక్కోవడం ఎలా అవుతుందమ్మా" అంది తెల్లి. "ఒకటడుగుతాను. దున్నయ్య ఆ మాటన్నాడని నీతో ఎవరన్నారు?"

"వినయుడు."

"దున్నయ్య నోట విన్నావా?"

మర్నాడు మధ్యాహ్నానికి ముట్టెమ్మ బురదలో ఉంది.

ఇవతల పెద్దక్క తమ్ముడితో, "శాంతి అంతటి పెద్ద విషయం తేల్చాలంటే బుర్ర చల్లగా ఉండాలిరా. ఇప్పుడే నీడ మన వైపు తిరిగింది. రాయి పక్కన పడుకో" అంది. మహాశృంగుడికి ఆ మాట నచ్చింది. బుర్ర గురించి తన ఇంట్లోవాళ్లు మాట్లాడటం అదే మొదటిసారి.

వినయుడికి రాయి దగ్గర సమావేశం పెద్దగా నచ్చలేదు. కానీ అటూ ఇటూ చూశాడు, ఎవరూ లేరు. ముసలిదొకతె, కొంగొకటి. వాళ్లేం లెక్క.

"ఇప్పుడే అవతలి గట్టు నుంచి వస్తున్నానండీ" అన్నాడు ఆయాసం తెచ్చుకుని. "ఆఖరిసారి అడుగుదామని పోయాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను."

"పాత వంతుకు ఒప్పుకుంటుందేమో కనుక్కున్నావా? నా పేరు రాకుండా?"

"కనుక్కున్నానండీ. పాత వంతా, పాత బూడిదా అంది. ఈ మడుగు మొత్తం తనదేనట. మీ కొమ్ములు..."

"దుంపల సంగతి నిన్ననే చెప్పావు."

"ఈవేళ ఇంకోటంది. మీ తోలు పరుచుకుని పిల్లల్ని పడుకోబెడుతుందట."

"ఎవరు?" అని గొంతు వినబడింది.

"ముట్టెమ్మేనండీ" అన్నాడు వినయుడు, అడిగింది అధ్యక్షులవారే అనుకుని.

"ఎప్పుడు?"

"ఇప్పుడేనండీ, వాళ్ల దుంపనేల దగ్గర నిలబడి."

రాయి అవతల బురద బుడగలు పోసింది. అందులోంచి ముట్టెమ్మ లేచి, ఒళ్లు దులుపుకోకుండానే రాయి చుట్టూ తిరిగి వచ్చింది. "పొద్దు నడినెత్తికి రాకముందు నుంచీ నేను ఈ బురదలో ఉన్నాను వినయా. దుంపనేల దగ్గర నీకు కనబడిందెవరో చెప్పు, నేను కూడా చూస్తాను."

మహాశృంగుడు లేవబోయి, కాళ్లు తిమ్మిరెక్కి మళ్లీ కూలబడ్డాడు. "నువ్వు విన్నావా?"

"విన్నాను. పాత వంతుకు ఒప్పుకుంటానేమో కనుక్కోమన్నావు."

అధ్యక్షులవారు ఏడాదిగా దాచుకున్న మాట శత్రువు చెవిలో పడింది. "అది... అది చర్చలో భాగంగా అన్నది."

"ఓడిపోయానని బాధపడకు దున్నయ్యా" అంది తెల్లి వీపు మీది నుంచి. "ఈవిడా నిన్న సాయంత్రం అదే అంది. నేను విన్నాను."

ఈసారి ముట్టెమ్మ తలదించుకుంది.

"అయితే ముందన్నదెవరు?" అన్నాడు మహాశృంగుడు. ఇంత జరిగాక కూడా ఆయనకు అదే కావాలి.

పెద్దక్క ఓర్పు అక్కడితో అయిపోయింది. "మీరిద్దరూ ఏమీ అనలేదురా. ఇద్దరికీ ముందు ఈ కొంగంది. చాలా? ఓడితే అది ఓడింది. నీ పరువుకేం కాలేదు. ఇక లేచి పక్కకు జరుగు, నీ వెనక చుక్కమ్మ పిల్లను మోసుకొచ్చి ఎంతసేపటి నుంచో నిలబడుంది."

మహాశృంగుడు తిరిగి చూశాడు. చుక్కమ్మ పిల్లను మోయలేదు, మూతితో నెట్టుకుంటూ తెచ్చింది. దాని ఒళ్లంతా దుమ్ము. ఆయన అంత శరీరమూ మొదటిసారి ఒక వైపుకు జరిగింది. పిల్ల మూతి నీళ్లకు ఆనింది. తాగుతున్నట్టు కనబడలేదు. పెద్దక్క దేవుడికి దణ్ణం పెట్టుకుంది. తరువాత నీళ్ల మీద ఒక చిన్న వలయం లేచి, మెల్లగా రాయి దాకా వెళ్లింది. ఆ వెంటనే ఇంకోటి.

ఈలోగా వినయుడు ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నాడు.

"ఎక్కడికి నాయనా?" అంది పెద్దక్క.

"ఏనుగులు వద్దని చెప్పి రావాలి గదా."

"పిలవనివాళ్లకు వద్దని చెప్పడం దేనికి? కూర్చో. నీ తోకకు ఆ పల్లేరుకాయలేమిటి? అవి మన గట్టు మీద పాకే తీగలవి. అవతలి గట్టున లేవు."

"నా దగ్గరకు అతను అమావాస్య నుంచీ రాలేదు" అంది ముట్టెమ్మ.

అప్పుడు చుక్కమ్మ అతని నిండు బుగ్గల వంక చూసింది. ఆమె చూపు చూసి మిగతావాళ్లూ చూశారు. వినయుడు పరుగందుకున్నాడు.

మర్నాడు మహాశృంగుడు గట్టెక్కి, తన రహస్య దౌత్యం ఎలా ఫలించిందో చాలాసేపు చెప్పాడు. మంద తలలూపింది. పెద్దక్క మధ్యలోనే లేచి నీళ్లకు వెళ్లిపోయింది. పాత వంతు పాతలాగే నడిచింది. కొత్తగా ఒక్కటే చేర్చారు, అదీ పెద్దక్క మాటే. మబ్బు పట్టి నీడ పడని రోజున రెండు గట్ల పిల్లలూ ముందు తాగాలి, పెద్దవాళ్లు ఆగాలి.

ఆ ఏడు తొలి మబ్బు పట్టిన రోజున, వినయుడు ఎక్కణ్ణుంచో వాసన పట్టి వచ్చాడు. ఎముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయాడు. రాయికి నీడ లేదు. రెండు గట్ల మీదా గుంపులు నిలబడున్నాయి. ఇక చూసుకో అనుకుని పొదలో కూర్చుని పెదవులు తడుపుకున్నాడు.

పందిపిల్లలు అటునుంచి, దున్నదూడలు ఇటునుంచి, వాటి మధ్య చుక్కమ్మ పిల్ల, నీళ్లలోకి దిగాయి. మూతులు ఒకదానికొకటి తగిలితే తుమ్మి మళ్లీ తాగాయి. పొదలో వినయుడు సాయంత్రం దాకా కూర్చున్నాడు. చివరికి లేచి, వట్టి కడుపుతో ఎండిన వాగులో పీతబొరియలు వెతుక్కోవడానికి వెళ్లాడు.

తన నోటితో అనలేని మంచిమాటను నక్క నోట పంపేవాడికి, తిరిగి వచ్చేది నక్క మాటే.