చిన్నదిగా, మరీ చిన్నది కాకుండా

మద్దిలేటి చొక్కా జేబులో ఆ పత్రిక ముక్క పదకొండు రోజులుగా ఉంది. తీసి చూసి మడిచి, మళ్లీ తీసి చూసి మడిచి, చివరికది మడతల దగ్గర తెగి నాలుగు ముక్కలైంది. ఆ నాలుగూ పక్కపక్కన పేర్చి చదివితే, ఒక వారపత్రిక చిన్న కథల పోటీ పెట్టిందనీ, శుక్రవారం సాయంత్రం లోపల పోస్టు చేసిన కథలే తీసుకుంటారనీ తెలుస్తుంది.

ఇవాళ గురువారం. మద్దిలేటి కథ ఇంకా మొదలుపెట్టలేదు.

రాయడం రాక కాదు. కాలవల ఆఫీసులో గుమాస్తా పని చేసుకుంటూనే పదేళ్లలో పంతొమ్మిది కథలు రాశాడు. పంతొమ్మిదీ తిరిగొచ్చాయి. అందులో ఒకటి రెండుసార్లు తిరిగొచ్చింది. రెండోసారి ఈయన పంపనే లేదు, అదెలా వచ్చిందో పోస్టుమానుకూ తెలియలేదు.

ఆయన భార్య సుంకులమ్మ ఓర్పుగల మనిషి. కానీ ఇంట్లో ఉన్నది ఒక్కటే బల్ల. దాని మీద చేతి కుట్టుమిషను పెట్టుకోవాలని ఆమెకు చాలాకాలంగా కోరిక. "ఈ ఒక్కసారి చూస్తా. ఇది కూడా పడకపోతే ఇంక రాయను. బల్ల నీదే" అని మద్దిలేటి మాటిచ్చాడు. అప్పటినుంచీ ఆమె బల్ల తుడిచేటప్పుడు కాస్త ఎక్కువ శ్రద్ధగా తుడుస్తోంది. 

మనసు బాగాలేకపోతే ఆయన వెళ్లేది హుసేనప్ప తాత దగ్గరికే. ఆదోని పత్తి మార్కెట్టు వెనక సందులో తాత దూది ఏకి పరుపులు, దిండ్లు కుడతాడు. ఆయన్ను గురువని మొదట ఎవరన్నారో తెలియదు. ఆయన మాత్రం అనలేదు. ఒకప్పుడు ఒక తాసిల్దారు పరుపు కుట్టించుకుందామని వచ్చి, మాటల్లో తన మనసు కుదురుగా లేదని చెప్పుకొని, ఓ పూటంతా కూర్చొని దూదిలో గింజ తునకలు ఏరి, తేలికపడి, పరుపు సంగతి మరిచిపోయి వెళ్లిపోయాడు. తర్వాత బదిలీ అయింది. ఆ పరుపు ఇప్పటికీ అక్కడే చుట్టి ఉంది, వచ్చినవాళ్లు దాని మీదే కూర్చుంటారు. ఎవరొచ్చినా తాత ముందు ఒక గంప దూది పెడతాడు. కనుబొమల మీద దూదిపోగులతో ఎవరైనా బజార్లో కనబడితే, పాపం ఈయనకేం కష్టమొచ్చిందో అని ఊళ్లో అనుకుంటారు.

మద్దిలేటి ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చాడు. గంపలో చెయ్యి పెట్టకుండానే, నాలుగు ముక్కలూ తాసిల్దారు పరుపు మీద పేర్చి చదివి వినిపించాడు.

"కథ చిన్నదిగా ఉండాలి. మరీ చిన్నదిగా ఉండరాదు. కొత్తగా ఉండాలి. అయితే పాఠకులు ఎరిగినట్టుగా ఉండాలి. హాస్యం ఉండవచ్చు. గాంభీర్యం తగ్గరాదు. ఇంతకుముందు వెలువడినదై ఉండరాదు. తుది నిర్ణయం న్యాయనిర్ణేతలదే."

తాత దూది ఏకే విల్లు మీటాడు. దూదితో పాటు రెండో ముక్క కూడా లేచి ఎగిరింది. మద్దిలేటి దాన్ని గాల్లోనే పట్టుకున్నాడు.

"చిన్నదంటే ఎంత తాతా? రెండు పేజీలా, పదా? ఆ పత్రికాఫీసుకు ఫోను చేసినా. 'చిన్న కథంటే ఏందో మీకు తెలీదా?' అన్నాడు ఆయన. 'నాకు తెలుసు సార్, మీకు తెలుసునో లేదో అని' అన్నా. పెట్టేసినాడు."

"ఊఁ."

"ఇంకోటి. వెలువడినదై ఉండకూడదంట. నేను ఏ కథ అనుకున్నా ముందు సుంకులమ్మకు చెప్తా. ఆమె కుళాయి కాడ చెప్తాది. కుళాయి కాడ చెబితే వెలువడినట్టా, కాదా?"

"మీ వీధి కుళాయి కాడనా? అయితే వెలువడినట్టే" అన్నాడు తాత. "కత యాడుంది?"

"రూల్సు తేలినాక రాస్తా. కానీ ఈ కథ నా సొంతమేనని హామీపత్రం పెట్టాలంట. అది మాత్రం మూడు రకాలుగా రాసి పెట్టినా."

తాత విల్లు ఆపి ఆయన వైపు చూశాడు. ఏదో అనబోయేవాడే. అంతలో ఉరుకుందమ్మ వచ్చింది. సందు మొదట్లో మిరపకాయ బజ్జీల బండి పెట్టుకునే మనిషి. చేతులకింకా సెనగపిండి ఉంది.

"తాతా, మా అత్తకు దిండు కావాల. చిన్నది. మరీ చిన్నది కాదు. మెత్తగుండాల. మరీ మెత్తగొద్దు. సందేళకియ్యి."

మద్దిలేటి ఉలిక్కిపడ్డాడు. తాత మాత్రం, ఎన్నాళ్లుగానో అలాంటి బేరం కోసమే చూస్తున్నట్టు తలూపి, "అప్పా, రాసుకో" అన్నాడు.

మద్దిలేటి కలం తీశాడు. "పొడుగెంతక్కా?"

"దిండు ఎంతుంటాది? అంత."

"వెడల్పు?"

"దానికి తగినంత."

"మరీ మెత్తగా వద్దంటివి. అంటే ఎంత మెత్తన?"

"ఏం సామీ, దిండుకు దరఖాస్తు రాస్తాండావా?" అంది ఉరుకుందమ్మ. "బండి మీద నూనె కాగుతాండాది నాకు."

తాత నవ్వలేదు. "ఇన్నాళ్లూ ఏ దిండు మీద పడుకుంటాండె మీ యత్త?" అని అడిగాడు.

ఉరుకుందమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. గబగబా మాట్లాడే మనిషి, ఆగి ఆగి చెప్పింది.

"దిండే లేదు తాతా మా యింట్లో. నలభై ఏండ్లు మా మామ చెయ్యి మీదనే తల పెట్టి పండుకునె. ఆయప్ప పోయి మూడు నెలలాయె. అప్పటినుంచి పండుకోదు. గోడకానుకొని కూసుంటాది. అంగట్లో దిండు తెస్తిమి. 'ఇదేం దిండే, ఇడ్లీ మాదిరుంది' అని ఇసిరిపారేసె. అది పోయి మా బండి పిండి గిన్నెలో పడె."

మద్దిలేటి కలం కాగితం మీదే ఆగిపోయింది.

"మీ మామ ఏం పని చేస్తాండె?" అన్నాడు తాత.

"మార్కెట్లో హమాలీ. పత్తి బోరాలు మోస్తాండె."

"చెయ్యి ఎంత లావుండె?"

ఉరుకుందమ్మ చుట్టూ చూసింది. చూపు మద్దిలేటి చేతి మీద పడింది. "ఈయనంత కాదులే" అంది. మద్దిలేటి చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

తాత లేచి సందులోకి వెళ్లి, బోరా దించి బీడీ ముట్టించుకుంటున్న ఒక హమాలీని చెయ్యి పట్టి తీసుకొచ్చాడు. వాడు, "ఏం తాతా, నేనేం జేస్తి?" అంటూనే వచ్చాడు. తాత వాడి జబ్బను బొటనవేలితో నొక్కి చూశాడు. మోచేతి దగ్గర నొక్కాడు. కళ్లు మూసుకొని ఇంకోసారి నొక్కాడు. వాడికి చక్కిలిగింత పుట్టి బీడీ జారిపడింది.

"ఇంతనా?" అని తాత అడిగితే, ఉరుకుందమ్మ కూడా వేలితో ఒకసారి నొక్కి, "ఇంకా రోంత గట్టి" అంది.

ఆ తర్వాత తాత దిండు కుట్టాడు. సన్నగా, పొడుగ్గా, ఒక కొస లావుగా. దూది కూరడం, నొక్కి చూడడం, కొంచెం తీయడం, మళ్లీ కూరడం. మద్దిలేటి సూదిలో దారం ఎక్కించి ఇస్తూ కూర్చున్నాడు. పత్రిక ముక్కలు ఎప్పుడు ఎగిరిపోయాయో ఆయన చూసుకోలేదు.

సాయంత్రం దిండు చంకన పెట్టుకొని మద్దిలేటే ఉరుకుందమ్మ ఇంటికి వెళ్లి ఇచ్చాడు. ఆ ముసలమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకొని అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో నొక్కింది.

"గట్టిగుంది" అంది.

ఉరుకుందమ్మ ముఖం వాడిపోయింది.

"ఆయప్పదీ గట్టిదే" అంది ముసలమ్మ. "ఎన్నిసార్లు చెప్పినానో, ఇంటేనా" అని గొణుక్కుంటూ చాప మీద ఒరిగి, దిండు లావు కొసకు చెంప ఆనించింది.  కాసేపటికి గురక వినిపించింది. చిన్న గురక కాదు.

మద్దిలేటి అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి వెళ్లి బల్ల ముందు కూర్చున్నాడు. సుంకులమ్మకు కూడా కథ చెప్పలేదు. ఆమె రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది.

శుక్రవారం పదకొండు గంటలకు ఆయన కాగితాలు పట్టుకొని తాత అంగడి ముందు చెప్పులు విడిచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాసినా తాతా. దిండు కథే. అయిదు పేజీలొచ్చింది. చిన్నదో, మరీ చిన్నదో, పెద్దదో నాకు తెలీడం లేదు."

"చదువు."

మద్దిలేటి చదివాడు. హమాలీ బీడీ జారిపడిన చోట తాత భుజాలు కదిలాయి. దిండు కూరే చోట, "కాదు, ముందు రోంత తీసినా" అని సరిదిద్దాడు. ముసలమ్మ చెంప ఆనించిన చోట దూది ఏరుతున్న తాత చెయ్యి ఆగింది. కాగితం చివర కథలో ముసలమ్మ గురక వినిపించింది.

మద్దిలేటి నాలుగో కాగితం కింద పెట్టి అయిదోది తీసి గొంతు సవరించుకున్నాడు.

"ఆగు" అన్నాడు తాత. "ఆ కాగితంలో ఏముంది?"

"అర్థం రాసినా తాతా. దిండంటే ఏమి, చెయ్యంటే ఏమి, మనిషి బతుకంటే ఏమి అని. తెలియనోళ్ల కోసం. కొంచెం గట్టిగా, ఉపన్యాసం మాదిరి వచ్చింది, బాగుంది."

తాత చెయ్యి చాచి ఆ అయిదో కాగితం తీసుకున్నాడు. దాన్ని చదవలేదు. చప్పుడు కాకుండా రెండు మడతలు పెట్టి, పక్కనున్న దూది గంపలోకి తోశాడు. మద్దిలేటి నోరు తెరిచాడు.

తాత ముందుకు వంగి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"మెల్లగప్పా. ముసలామె ఇప్పుడే నిద్రపోయింది గదా. లేస్తాది."

మద్దిలేటి తెరిచిన నోరు మూశాడు.  ఆ తర్వాత నాలుగు కాగితాలూ, మూడు హామీపత్రాల్లో పొట్టిదీ కవరులో పెట్టి అతికించాడు. గడప దాటి చెప్పులు తొడుక్కోబోయి, తొడుక్కోకుండా చేత్తో పట్టుకొని, సందు చివరిదాకా మునివేళ్ల మీద నడిచి పోస్టాఫీసు వైపు తిరిగాడు.