పిలుపు నేను వింటాను

ఒక విమానాశ్రయంలో ఒకామె నూడుల్స్ వండేది. ఆమె దగ్గర దొరికేది అదొక్కటే కాబట్టి ఏం కావాలని ఎవరినీ అడిగేది కాదు. "ఎన్ని నిమిషాలుంది?" అని మాత్రం అడిగేది.

ఇరవై అన్నవాళ్లకి పొగలు కక్కే సూపుతో గిన్నె నింపి ఇచ్చేది. పది అంటే నూడుల్స్‌ని ఒకసారి చన్నీళ్లలో ముంచి తీసేది. అయిదంటే వాటిని పొట్టిగా తుంచి, పైన గోరువెచ్చటి సూపు రెండు గరిటెలు పోసేది. ఆమె దగ్గర తిని నోరు కాల్చుకున్నవాడు లేడు, విమానం తప్పినవాడూ లేడు. విమానాలు నడిపేవాళ్లకైనా కాలం మీద అంత పట్టు ఉంటుందనుకోను. పనంటే అలా చెయ్యాలి.

ఒక పొద్దున పొగమంచు కమ్మి విమానాలన్నీ ఆగిపోయాయి. బోర్డు మీద టైములు పోయి 'ఆలస్యం' అన్న మాట ఒక్కటే మిగిలింది. ఒక ముసలామె సంచీ చంకన పెట్టుకుని కౌంటరు దాకా వచ్చింది. బోర్డు దగ్గరికి తిరిగి వెళ్లింది. మళ్లీ వచ్చింది.

"ఎన్ని నిమిషాలుంది, మామ్మగారూ?"

"తెలిస్తే ఇట్టా తిరుగుతానా తల్లీ? మా చెల్లెలికి సాయంత్రం ఆపరేషన్. అక్కని చూడందే ఆ గదిలోకి పోనని మొండికేసి కూచుంది. నేను తింటా ఉంటే పిలిచేస్తారేమో. నా చెవులు అంతంత మాత్రం."

"పొద్దుట్నించీ ఏమన్నా తిన్నారా?"

"నీళ్లు తాగా."

వండే ఆమె చెయ్యి మొదటిసారి ఆగింది. వేడిగా ఇస్తే, చల్లారేలోపు పిలుపు రావచ్చు. చల్లార్చి ఇస్తే, పిలుపు మధ్యాహ్నం దాకా రాకపోవచ్చు. కాసేపు ఆలోచించి మంట పెంచింది. ఎప్పుడూ ఎవరికీ ఇవ్వనంత వేడిగా గిన్నె నింపింది. ముసలామె టికెట్ మీద విమానం నంబరు చూసుకుంది.

"మీరు తినండి. పిలుపు నేను వింటాను," అంది.

వెనక నిలబడ్డవాళ్లు విసుక్కోలేదు. వాళ్లూ మాటలు ఆపేశారు. ముసలామె ఊదుకుంటూ, జుర్రుకుంటూ, నుదుట చెమట పట్టేలా తింది. ఎంత ముద్దొచ్చిందో ఆ తినడం!

గిన్నె సగమయ్యేసరికి పిలుపు వచ్చింది. ఇన్నాళ్లూ ఎవరి తొందరకీ తొణకని వండే ఆమె ఇప్పుడు కంగారు పడిపోయింది.

"లేవండి మామ్మగారూ, పిలిచారు! అదుగో, ఎదురుగా ఉన్న గేటే. జనం లైను కడుతున్నారు."

ముసలామె తలెత్తి ఆ లైను వంక చూసింది. అది చాలా పొడుగ్గా ఉంది.

"వినే పని నీదన్నావు, విన్నావు. తినే పని నాది," అని మళ్లీ గిన్నె మీదికి వంగింది.

పొద్దుట్నించీ బోర్డు చుట్టూ తిరిగిన మనిషి ఈమేనంటే ఎవరూ నమ్మరు. అడుగున ఉన్న సూపు కూడా తాగింది. పైటచెంగుతో మూతి తుడుచుకుంది. వండే ఆమె బుగ్గలు పుణికి, నెమ్మదిగా నడిచి వెళ్లి లైను చివర నిలబడింది.

ఆ విమానం అందరికంటే చివర ఎక్కింది ఆమే. కడుపు నిండి ఎక్కింది కూడా ఆమె ఒక్కతే.